ఎనభై ఎనిమిది మీటల మేనత్త

ఆ రోజుల్లో నాకు చెవిన పడ్డ ప్రతి శబ్దాన్నీ పట్టుకొచ్చి మీటల మీద పరిచేయాలని ఉండేది. ఆ రోజులంటే మరీ పాతవేం కావు. జనగామలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర కీబోర్డు నేర్చుకుని, చదువైపోయాక పెద్దవంగరలో మా ఇంటికొచ్చి కూర్చున్న రోజులు. కుక్కరు కూత వేస్తే అది ఏ స్వరంలో వేసిందో ఠక్కున చెప్పేదాన్ని. (లోపల అన్నం మాడిందో లేదో మాత్రం చెప్పలేకపోయేదాన్ని. నా సంగీతం మీద అమ్మకున్న ఫిర్యాదుల్లో అది మొదటిది.) బస్టాండులో బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు వేసే ఈలను ఫోనులో పట్టుకుని, దాన్ని ఎలాగైనా వేణువుగా మార్చగలనని నమ్మేదాన్ని. నాయిన మాత్రం బీఈడీని నమ్మేవాడు. "టీచరైతె బడిల గంట కొడ్తరు గద, గా సప్పుడు సాల్దా నీకు?" అనేవాడు.

నన్నూ నా పిచ్చినీ నమ్మిన మనిషి లోకంలో ఒక్కడే, మా బావ. అక్క భర్త. మానుకోటలో (మహబూబాబాదును మా వైపు అలాగే అంటాం) పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఆర్కెస్ట్రా అంటే ఏదో ఊహించుకోకండి. పాడేవాళ్లిద్దరు, ప్యాడ్లు వాయించే అతనొకడు, సగం మీటలు మాట వినని పాత కీబోర్డు, దాన్ని బతిమాలి వాయించే నేను. ఊరూరా డీజే పెట్టెలు దిగాక మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గారు. ఏదైనా కొత్తగా చెయ్యకపోతే బండి నడవదని బావ ఒక రోజు హైదరాబాదు వెళ్లి, ఎవరో వాడి అమ్ముతున్న స్టేజ్ పియానోను కొని, కూరగాయలు దించి తిరిగొస్తున్న వ్యానులో ఖాళీ ట్రేల మధ్య పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఎనభై ఎనిమిది మీటలు, ఇనుప బీరువా అంత బరువు. ఇంటి ముందు నలుగురూ పోగయ్యారు. బావ కరెంటు పెట్టి, దండం పెట్టి, నడుమ మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కాడు. అదీ లేదు.

"సచ్చిందా ఏంది?" అన్నాడు తెల్లబోయి.

చావలేదు. అలాంటి పియానోలకు లోపల స్పీకర్లు ఉండవు, బయటివి తగిలించాలి. తగిలించాక కడిగిన గాజు గ్లాసు లాంటి చక్కటి శబ్దం వచ్చింది. బావ కాసేపు మురిసి, "గిది మంచిగనే ఉన్నది. దెబ్బేది? మీట నొక్కంగనే ఎనక తాళం రావాలె గద?" అన్నాడు. తాళం కూడా ఉండదని నేనే చెప్పాల్సి వచ్చింది. "గింత పెద్దగున్నది, లోపల ఏం లేదా?" అన్నాడు నీరసంగా. "కొన్నోని లెక్కనే ఉన్నది" అని లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది.

ఆ మాటకు బావ ముఖం చూడలేక, నేను ఫోనులో ఆ పియానో గురించి దొరికిందల్లా చదివాను. అందులో కొన్ని ఖాళీ అరలున్నాయట. ఏదైనా శబ్దాన్ని రికార్డు చేసి, కంప్యూటర్లో కత్తిరించి ఆ అరలో పెడితే, పియానో దాన్ని పైకీ కిందికీ సాగదీసి అన్ని మీటల మీదా పలికిస్తుందట. "బావా, మనకు కావాల్సిన సౌండు మనమే చేసుకోవచ్చు" అన్నాను. "ఏ సౌండైన?" అన్నాడు. "ఏ సౌండైన" అన్నాను, ఆ వయసుకు ఉండాల్సిన ధీమాతో.

అంతే, ఆ ధీమాను బావ అలాగే తీసుకెళ్లి కాటారంలో ఒక పెళ్లివారికి మాటగా ఇచ్చేసి వచ్చాడు. ఆ అమ్మాయి తండ్రికి సినిమా పాటలు వద్దట. పెళ్లికూతురు హాల్లోకి నడిచొచ్చేటప్పుడు పది మంది ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తినట్టు ఒక శబ్దం కావాలట. భూపాలపల్లిలో ఏదో పెళ్లిలో విన్నాడట. అది కుదిరితే ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మనకేనట. "కుదరకుంటె సామాన్లన్ని అమ్మి ఆటో కొనుక్కుంట" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు గానీ, అక్క నవ్వలేదు.

పియానోను మా ఇంటికి తెచ్చి ముందు గదిలో రెండు బల్లల మీద పెట్టాం. (నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పండుకోనికి అక్కరొస్తది" అన్నాడు.) గుంపుగా పాడే గొంతులు పియానోలో ముందే ఉన్నాయి. కానీ అవి మంచు కురిసే దేశంలో స్వెట్టర్లు వేసుకున్నవాళ్లు, పక్కింట్లో ఎవరూ నిద్ర లేవకూడదని జాగ్రత్తగా పాడుతున్నట్టు ఉన్నాయి. బావ విని, "గీళ్లు మన దిక్కోళ్లు కాదు" అని తేల్చేశాడు. మన దిక్కు గొంతు కోసం ముందు నా గొంతే రికార్డు చేశాను. మీటల మీద పరిస్తే దోమల గుంపు వచ్చినట్టుంది. తర్వాత అమ్మను నిలబెట్టాను. అమ్మ "ఆ" అని మొదలుపెట్టి మధ్యలో నవ్వేసింది. ఆ నవ్వు అన్ని మీటల్లోకీ ఎక్కింది. కింది మీట నొక్కితే ఎవరో ముసలి రాక్షసుడు మా ఇంట్లో కూర్చుని నవ్వినట్టు వచ్చింది. "తీసెయ్యే తల్లీ, పొయ్యి కాడ ఒక్కదాన్నే ఉంట నేను" అంది అమ్మ. తర్వాత నాయిన దగ్గర్లో లేడని చూసుకుని, మెల్లగా అంది: "మీ అత్త గొంతైతె సక్కగుంటది."

ఆ ఇంట్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. మా మేనత్త, నాయినకు అక్క, దంతాలపల్లిలో ఉంటుంది. ఆవిడ మాట్లాడితే మూడు చేలు అవతలివాళ్లు కూడా జవాబిస్తారు. మా అక్క పెళ్లిలో అత్త అందరినీ పేరుపేరునా కేకేసి పలకరిస్తుంటే, మగపెళ్లివారి ముందు మొహమాటపడి నాయిన, "జర సిన్నగ మాట్లాడక్కా, పెట్టిన మైకు దండుగైతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్త నవ్వలేదు. సంచి అందుకుని, "నా గొంతు పడనోని ఇంట్ల నాకేం పని" అని, విస్తరి ముందు కూడా కూర్చోకుండా బస్సెక్కేసింది. అప్పటి నుంచి రాకపోకలు లేవు. ఆవిడ రాలేదని ఈయనా, ఈయన పిలవలేదని ఆవిడా. మధ్యలో అమ్మ, ఇద్దరి సంగతులూ ఫోనులో అటూ ఇటూ చేరవేస్తూ.

నేను దంతాలపల్లి వెళ్లేసరికి అత్త వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఏమే కోడలా, తొవ్వ తప్పినవా?"

"నీ గొంతు కావాలె అత్తమ్మా."

విషయం చెప్పాను. ఆవిడ మిరపకాయల మీంచి తలెత్తలేదు. "నా గొంతెందుకే? మీ నాయినకు చెవుల పోటు గద."

"కాటారంల పెద్ద హాలత్తమ్మా. స్పీకర్లల్ల వస్తది."

మిరపకాయ చేతిలోనే ఆగింది. "ఎంతెంత ఉంటయి గా స్పీకర్లు?"

"తలుపంత."

"ఉండు, చీర మార్సుకొస్త."

"ఫొటో కాదత్తమ్మా, గొంతే."

"గొంతైతె మాత్రం? పాత చీర మీద పాడ్తరా ఎవలన్న?" అని లోపలికి వెళ్లి, నిజంగానే జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. మామయ్య గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాడు. (అత్త పక్కన ఇన్నేళ్లు కాపురం చేయడం వల్ల ఆయనకు మాట్లాడే అవసరం ఎప్పుడూ రాలేదు.)

అసలు చిక్కు అప్పుడొచ్చింది. నాకు కావాల్సింది మాట లేని ఒక్క దీర్ఘం. అత్తకు అది రాదు. "ఊకె ఆ అని ఎట్లంటరే? దవాఖానల డాక్టరు ముంగట నాలిక సాపినట్టు!" అంది. ఓ అనమన్నాను. "ఓ అంటె ఎవలన్న పలుకాలె గద?" అంది. ఆఖరికి, "సరే, ఎవలనన్న పిలువు. నీకు అలవాటున్నోళ్లను పిలువు" అన్నాను. అత్త ఇంటి వెనక్కి నడిచి, పొలాల వైపు తిరిగి కాసేపు అలా చూసింది. తర్వాత చెంప మీద అరచెయ్యి పెట్టుకుని, గుండె నిండా గాలి తీసుకుని పిలిచింది.

"ఓ… తమ్మీ…!"

దూరంగా ఒక ట్రాక్టరు ఆగింది. దాని మీదున్న అతను లేచి నిలబడి ఇటు చూశాడు. పక్క వాకిట్లోంచి ఒకాయన పరుగున వచ్చి, "ఏందక్కా, పిల్సినవ్?" అన్నాడు. "నిన్ను గాదు, పో" అంది అత్త.

"మొక్కజొన్న చేన్ల పిట్టల కొట్టుకుంట తిరుగుతుంటె మీ నాయినను గట్ల పిలిచేదాన్ని, సద్ది తినడానికి" అంది నాతో, చెంగుతో మెడ తుడుచుకుంటూ.

"వచ్చేటోడా?"

"సద్ది అంటె రానోడెవడే?" అని మళ్లీ మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది. బస్సు దాకా వచ్చి సాగనంపుతూ, "మీ నాయినకు చెప్పకు" అంది. బస్సు కదిలాక కిటికీ పక్కనే నాలుగడుగులు నడిచి, "చెప్పినా ఏం గాదు తియ్యి" అంది. (అది నాతో పాటు బస్సంతా వింది.)

ఇంటికొచ్చి పనిలో పడ్డాను. ఆ పిలుపులోంచి ఓ మాత్రం కత్తిరించి, మొదలూ చివరా ఎక్కడా టక్కుమనకుండా కలిపి, దాని మీద అదే గొంతును కాస్త హెచ్చుతగ్గులతో పొరలు పొరలుగా పేర్చి, పది మంది అత్తల్ని తయారుచేశాను. ఒక అరలో వాళ్లను పెట్టాను. పక్క అరలో, ఎందుకో పారేయబుద్ధి కాక, మొత్తం పిలుపును అలాగే ఉంచాను. అలాంటి పియానోలో ఒక విచిత్రం ఉంది. గొంతును పై మీటలకు పంపితే పలచబడి చిన్నపిల్ల గొంతైపోతుంది. కింది మీటలకు పంపితే బరువెక్కి ముసలిదవుతుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ విచిత్రంలో మునిగి ఉన్న సమయంలో బావ మానుకోట నుంచి పెద్ద స్పీకరు తెచ్చి వాకిట్లో దించి, వైరు తెచ్చి వెనక ఎక్కడో గుచ్చాడు. చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి గదా, బయటికేం పోదులే అనుకున్నాను. స్పీకర్లకు పోయే దారి వేరని నాకప్పటికి తెలియదు. పైనున్న మీటొకటి నొక్కాను.

వాకిట్లో నాయిన చేనుకు మందు కొట్టే పంపు విప్పి గ్రీజు పెడుతున్నాడు. తలుపంత స్పీకర్లోంచి, వీధి చివరి దాకా, ఒక చిన్నపిల్ల గొంతు పిలిచింది: "ఓ… తమ్మీ…!"

"ఆఁ… వస్తున్ననక్కా!" అన్నాడు నాయిన.

అని లేచాడు. గేటు దాకా వెళ్లి వీధి అటూ ఇటూ చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బావ వైరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకివేమీ తెలియవు. హెడ్‌ఫోన్లలో ఆనందంగా ఉన్నాను. తలెత్తేసరికి ఎదురుగా నాయిన.

"ఎవలే గది?"

"అత్తమ్మ నాయినా. అత్తమ్మ గొంతే. మీట పైకి పోయినకొద్ది సిన్నపిల్ల గొంతైతది."

ఇక మొదలవుతుందనుకున్నాను. బీఈడీ దగ్గర మొదలై చాలా దూరం పోతుందనుకున్నాను. నాయిన బల్ల దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇంకోపారి కొట్టు" అన్నాడు.

కొట్టాను. "ఇది గాదు, ఇంకా సిన్నగుండె గప్పుడు" అన్నాడు. రెండు మీటలు పైకి జరిగాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఆ. గిదే. గప్పుడు నేను బడికి గూడ పోతలేను." తర్వాత నా చెయ్యి పక్కకు జరిపి, గ్రీజు అంటిన వేలితో తనే ఒక్కొక్క మీటా కిందికి నొక్కుతూ వచ్చాడు. (తెల్ల మీటల మీద నల్లటి ముద్రలు పడుతుంటే బావ గోడకానుకున్నాడు.) మీట మీటకూ ఆయన అక్క కాస్త కాస్త పెరుగుతోంది. ఒకచోట ఆగి, "గిప్పుడు పెండ్లయింది" అన్నాడు. ఇంకోచోట, "గిప్పుడు పెద్దోడు పుట్టిండు." అలా దిగుతూ దిగుతూ నడుమ మీట దగ్గరికి వచ్చాడు. అది సాగదీయని అసలు గొంతు, మొన్న నేను రికార్డు చేసింది. అక్కడ వేలు ఆగిపోయింది.

"ఇంకా కిందికి ఉన్నయి నాయినా, మస్తున్నయి" అన్నాను, నా పియానో గొప్ప చూపించుకోవాలని.

"వద్దు బిడ్డా. ఈడికి చాలు" అన్నాడు.

లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. పంపు బిగించాడు. ఆ పిలుపు ఉన్న అరను చెరిపేద్దామని బావ అంటుంటే, బయటి నుంచే, "ఉండనియ్యిన్రి, మిమ్ముల అన్నం అడుగుతుందా?" అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ ఆయన గొంతే: "కాటారం ఎన్నడు పోతున్నరు? నేను గూడ వస్త. గంత బరువున్నది, మోసేటోళ్లుండాలె గద."

కాటారం పెళ్లి పొద్దుటి ముహూర్తం. మేం వెళ్లి సామాను దించేసరికి హాల్లో మొదటి వరసలో, సరిగ్గా స్పీకరుకు ఎదురుగా, జరీ అంచు చీరతో మా అత్త కూర్చుని ఉంది. పక్కన మామయ్య. (రోజూ వేళా అమ్మే ఫోనులో చేరవేసిందని తర్వాత తెలిసింది.) "నా గొంతు పోతుంటె నేను పోనా?" అంది నన్ను చూసి. ఆవిడను పెళ్లికూతురి వాళ్లు మగపెళ్లివారి మనిషనుకుని, మగపెళ్లివారు వీళ్ల మనిషనుకుని, రెండు వైపుల నుంచీ మర్యాదలు చేస్తున్నారు. నాయిన పియానో దించుతూ ఆవిడను చూశాడు. చూసి, స్పీకరు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అత్త కూడా చూసింది. చూసి, పైన తిరుగుతున్న ఫ్యాన్లను పరీక్షించడం మొదలుపెట్టింది.

పెళ్లికూతురు గుమ్మంలోకి వచ్చింది. లైట్లు తగ్గాయి. బావ నాకు సైగ చేశాడు. ఆ మసక వెలుతురులో బొత్తాలు సరిగా కనిపించలేదు. పది మంది అత్తలున్న అర బొత్తాం నొక్కబోయి, దాని పక్కది నొక్కాను. ఆ సంగతి తెలియక మూడు మీటలు ఒక్కసారి పట్టుకున్నాను, ఒకటి పైన, ఒకటి నడిమికి కాస్త ఎగువన, ఒకటి నడుమ.

"ఓ… తమ్మీ…!"

ముగ్గురు పిలిచారు. చిన్నపిల్ల గొంతు ముందు ముగిసింది, దాని వెనక కొత్త కోడలి గొంతు, అన్నిటికీ చివర ఇప్పటి అత్త గొంతు హాలు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఆ తర్వాత జరిగింది నేను చచ్చినా మరిచిపోను. హాల్లో ఉన్న తమ్ముళ్లందరూ కదిలారు. పెళ్లికూతురి తమ్ముడు వంటల దగ్గర్నుంచి "ఏందక్కా?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. మూడో వరసలో జుట్టు నెరిసిన పెద్దమనిషి ఒకాయన "ఆఁ" అని లేచి, ఎందుకు లేచాడో తెలియక చుట్టూ చూశాడు. అన్నిటికంటే ఘోరం, పీటల మీదున్న పెళ్లికొడుకు లేచాడు. ఆయనకు ముగ్గురు అక్కలట. "కూసోరా, మేం పిల్వలే!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. తల వంచుకుని నడుస్తున్న పెళ్లికూతురు తలెత్తి, పెళ్లికొడుకును చూసి, పకపకా నవ్వేసింది.

బావ మైకు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆటో రంగు ఆలోచిస్తున్నాడేమో. అప్పుడు మొదటి వరసలోంచి అత్త లేచింది. "నా గొంతే! గది నా గొంతే!" అంది హాలు వైపు తిరిగి. మైకు లేకుండానే అది స్పీకరును మించి వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఇదంతా ప్రోగ్రాములో భాగమే అనుకున్నారు. ఆ చప్పట్ల మధ్యలోంచి నాయిన స్పీకరు వెనక నుంచి వచ్చి, హాలు దాటుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"తిన్నవా అక్కా?" అన్నాడు.

"పిల్వకుంట ఎట్ల తింట?" అంది అత్త.

"పిలిచింది నువ్వు గద. గిప్పుడే. గింత మంది విన్నరు."

అత్త సంచి అందుకుంది. ఈసారి బస్సెక్కడానికి కాదు. "నడు" అంది. ఇద్దరూ భోజనాల వైపు నడుస్తుంటే మామయ్య కూడా లేచి, ఆ రోజుకు తన ఒకే ఒక్క మాట మాట్లాడాడు: "నాగ్గూడ ఆకలైతుంది."

పెళ్లికూతురి తండ్రి బావ దగ్గరికి వచ్చాడు. బావ ముందే చేతులు జోడించాడు. "గది గాదు నాయినా, అప్పగింతలప్పుడు మల్ల గదే కొట్టున్రి. అక్క పోతుంటె మా పిలగాడు ఏడుస్త లేడు, ఏడిస్తె బాగుంటది" అన్నాడాయన. కొట్టాను. ఆ పిలగాడు తన వంతుకు మించి ఏడ్చాడు. తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరు పిలిచినా, గా తమ్మి సౌండు ఉంటదా అని అడిగి మరీ పిలిచేవారు. బావ ఆటో కొనలేదు. నేను బీఈడీ చదవలేదు. ఇప్పుడు జనగామలో పిల్లలకు కీబోర్డు నేర్పుతూ, అడిగినవాళ్లకు సౌండ్లు చేసిపెడుతూ ఉంటాను.

కానీ ఆ పెళ్లి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం ఎండ. భూపాలపల్లి దాటాం, వ్యాను అడవి పక్క నుంచి పోతోంది. వెనక పియానో పెట్టె పక్కన అత్తా నాయినా కూర్చున్నారు, మామయ్య అప్పటికే నిద్రలో ఉన్నాడు. నేను ముందు సీట్లో, ఒళ్లో కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్లు. పక్క బొత్తాం ఎలా నొక్కాను, ఆ రెండు అరలనూ దూరం దూరంగా ఎలా పెట్టాలి అని ఒకటే మథన పడుతున్నాను. వెనక నుంచి అత్త భుజం తట్టింది. ఒక చెవి మీది హెడ్‌ఫోను ఎత్తాను.

"మీ నాయిన సిన్నప్పటి ముచ్చట చెప్తున్న, ఇంటవా?"

"ఒక్క నిమిషం అత్తమ్మా, గీ సౌండు సక్కజేసి ఇంట" అన్నాను.

పైనున్న అద్దంలో నాయిన కనిపించాడు. తల వెనక్కి వాల్చి, భుజాలు ఎగిరేలా నవ్వుతున్నాడు. నాయిన అలా నవ్వడం అంతకు ముందు చూసిన గుర్తు లేదు. నా చెవుల్లో మాత్రం, ఎక్కడా టక్కుమనకుండా, ఓ. ఆ ముచ్చట ఏమిటని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "యాదికి లేదు పో" అంటాడు నాయిన. అత్త అడిగిన ప్రతిసారీ ఒక కొత్త ముచ్చట చెప్పి, ఆ రోజు చెప్పింది ఇదేనని ఒట్టు వేస్తుంది. ఆ ముందు సీట్లో కూర్చున్న పిల్లను తలుచుకుంటే, నెత్తి మీద మెల్లగా ఒకటి మొట్టి, ఆ హెడ్‌ఫోన్లు పీకేసి, వెనక్కి తిరిగి కూర్చోబెట్టాలనిపిస్తుంది. మళ్లీ అంతలోనే జాలేస్తుంది. పోనీలే పాపం, ఎంత దీక్షగా పని చేసుకుంటోందో.